ఉప్పు మానేసిన సత్యవతమ్మ

మా బందరులో సత్యవతమ్మ పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది ఆవిడ మొక్కలు కావు, ఆవిడ తిండి. పదహారేళ్లుగా ఉప్పు ముట్టని మనిషి. ఏదో దేవుడి మొక్కు అని కొందరంటారు. బీపీ అని కొందరంటారు. చేపల పల్లెలో పుట్టి ఎండుచేపల మధ్య పెరిగిన ఆడమనిషి చప్పిడి కూడు తింటోందంటే పిచ్చేననే వాళ్లూ ఉన్నారు. ఇవేవీ కావు. అసలు సంగతి నాకు తెలుసు. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి నేనే రాయాలి. నా పేరు నాంచారయ్య. ముప్పై ఏళ్లు ఇక్కడి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలు చాటుగా అనుకునేవారు. నిజమే. కానీ ఈ కథలో నేను ఎక్కువగా కోప్పడాల్సింది నా మీదే.

ముందు శోభనాద్రి గారి గురించి చెప్పాలి. ఆయనది ఘంటసాల. పాతికెకరాల మాగాణి ఉన్న ఇంట్లో పుట్టి, వరి సంగతి అన్నగారికి వదిలేసి, చిలకలపూడి రోడ్డు పక్కన ఎకరం కొని తాటాకు పందిళ్లు వేసి ఆర్కిడ్లు పెంచాడు. మట్టి అక్కర్లేని మొక్కలవి. చెక్క బుట్టల్లో పెట్టి వేలాడదీస్తే వేళ్లు కిందికి జారి, గాలిలో తేమా మనం చల్లిన నీళ్లూ తాగి బతుకుతాయి. "కూరకి పనికిరావు, పూజకి పనికిరావు, ఎందుకయ్యా ఇవి?" అని చుట్టాలు నవ్వేవారు. ఆయన వినిపించుకోలేదు. కొండ అడవుల నుంచీ, దూరపు నర్సరీల నుంచీ వాండా జాతి ఆర్కిడ్లు తెప్పించి, ఒకదాని పుప్పొడి ఒకదానికి పెట్టి, బందరు ఎండకీ ఉక్కకీ తట్టుకునే సంకరాలు తీయాలని కూర్చున్నాడు. సీసాలో గింజ మొలిచిన దగ్గర్నుంచి పువ్వు కళ్లజూడ్డానికి ఏడేళ్లు. నచ్చకపోతే పారేసి ఇంకో ఏడేళ్లు. ముప్పై ఏళ్లలో ఆయన తృప్తిగా పేరు పెట్టుకున్నవి మూడంటే మూడు. బందరు కెంపు, దివి పసుపు, హంసలదీవి.

మూడోది ఆయన ప్రాణం. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర నీళ్లకి ఒక రంగుంటుంది చూడండి, బూడిద కలిసిన నీలం. రేకులది ఆ రంగు. మధ్యలో పెదవిలాంటి రేకు మాత్రం వరదనీటి రంగు. ఆ మొక్క ఆ పందిరి కింద తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు.

సత్యవతమ్మది దివిసీమలో సముద్రాన్ని ఆనుకున్న పల్లె. డెబ్భై ఏడు ఉప్పెనలో భర్త, అత్తమామలు, ఇల్లు ఒక్క పూటలో పోయాయి. అవనిగడ్డ శిబిరంలో నాలుగు నెలలుండి, గిలకలదిండిలో అక్క దగ్గరికి చేరింది. చేపల గంపతో చిలకలపూడి రోడ్డున వెళ్తూ ఒక మధ్యాహ్నం ఆ పందిరి నీడకి ఆగింది. ఆయన బుట్టల మీద నీళ్లు చల్లుతున్నాడు.

"వేళ్లు బయటేసుకుని వేలాడతన్నాయేంటండీ ఇవి? చచ్చిపోవూ?" అని అడిగిందట.

"చావవు. కింద నేల లేకపోయినా బతకడం వీటికి తెలుసు" అన్నాడట ఆయన.

మర్నాటి నుంచీ ఆవిడ అక్కడే పనిలో ఉంది. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ కళ్లు తడవలేదు. నేనే కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

పదకొండేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకుంది. చదువు లేదు గానీ ఏ బుట్టలో ఏ మొక్క ఉందో, దాని తల్లి ఏదో తండ్రి ఏదో ఏకరువు పెట్టేది. తల్లిదండ్రులెవరో తెలియని మొక్కని ఆర్కిడ్ల వాళ్లు అనాథ కింద లెక్కేస్తారు, దానితో మళ్లీ సంకరం కట్టరు. అందుకని ఆయన ఆ వంశాలన్నీ ఆవిడ చేత వల్లె వేయించాడు. ఆయన కసిరేది ఒక్క విషయంలోనే, నీళ్లు. బందరు నేలలో నీళ్లు ఉప్పన. ఆ ఉప్పు వాండా వేళ్లకి విషం. పెంకుటింటి చూరు నీళ్లు పట్టడానికి రెండు సిమెంటు తొట్లు కట్టించాడు. ఏ నీళ్లయినా సరే, పోసే ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడాలి. చప్పగా ఉంటేనే మొక్కకి. అది ఆ నర్సరీ ఆచారం.

ఎనభై తొమ్మిదిలో ఆయన పోయాడు. నర్సరీ ఆయన అన్నకొడుకు జగన్మోహనరావుకి వచ్చింది. అతను గుడివాడలో చేపల చెరువుల వ్యాపారంలో మునిగి ఇటు చూడలేదు. నెల జీతం మాత్రం ఎవరి చేతో పంపేవాడు. మరుసటి మే నెలలో తుపాను వచ్చింది. పందిళ్లు నేల కరిచాయి. తొట్లు రెండూ పగిలాయి. ఆవిడ ఒక్కత్తే బురదలోంచి బుట్టలు ఏరి, కడిగి, చెట్ల కొమ్మలకి కట్టింది. తొట్లు బాగుచేయించే నాథుడు లేక, పక్కనున్న బోరింగు నీళ్లు పట్టింది. ఆచారం తప్పలేదు. రోజూ పొద్దున్నే నాలుక మీద వేసుకుని చూసింది. చప్పగానే ఉన్నాయి. పోసింది.

తొంభై ఒకటి ఫిబ్రవరిలో కాలేజీ గేటు దగ్గర నా కోసం నిలబడింది. చేతిలో చిన్న ఆర్కిడ్ బుట్ట. ఆకుల కొసలు కాలినట్టున్నాయి. వేళ్లు నల్లబడ్డాయి.

"మేష్టారండీ, ఎనభైకి పైగా హంసలదీవులుండేయి. మూడు మిగిలాయి. మిగతా రెండు రకాలూ సగం పోయాయి. ఏం తెగులో చూసి పెట్టండి."

తెగులూ లేదు ఏమీ లేదు. ఆ బోరింగు నీళ్లు సీసాలో తెప్పించి, లాబ్‌లో సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వేశాను. నీళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి.

"ఇది ఉప్పమ్మా. ఈ నీళ్లలో బోలెడు ఉప్పుంది."

"లేదండీ. రోజూ చూశా. నా నాలిక మీద ఏసుకుని చూశా. తియ్యగా ఉన్నయ్యండీ."

నేను గుక్కెడు నోట్లో పోసుకున్నాను. స్పష్టంగా తెలిసింది. నేను గుడివాడ కాలవ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. ఆవిడ పుట్టినప్పటి నుంచీ సముద్రపు గాలి పీల్చింది, చవిటి నేల బావుల నీళ్లు తాగింది, పూటపూటా ఎండుచేప నంజుకు తింది. ఆవిడ పల్లెలో ఆ మాత్రం ఉప్పుని ఉప్పని ఎవరూ అనరు. శోభనాద్రి గారు ఆచారం నేర్పాడు గానీ ఎవరి నాలుకకి నేర్పుతున్నాడో ఆలోచించలేదు. ఆ సంగతి నా నోటితో చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఆవిడ సీసా వైపు చూస్తూ నిలబడింది.

"అయితే నేనే చంపానన్న మాట" అంది.

"తెలియక జరిగింది."

"తెలియకపోతే చావరా ఏంటండీ? ఉప్పెన కూడా నా మీద కోపంతో రాలా. నా వాళ్లు పోలా?"

ఆ పూట నుంచీ ఉప్పు మానేసింది. అన్నంలో లేదు, కూరలో లేదు. పచ్చడి లేదు, ఎండుచేప అసలే లేదు. వాళ్ల అక్క ఏడ్చింది, తిట్టింది, చాటుగా పప్పులో చిటికెడు కలిపింది. ఆవిడ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కంచం అవతలికి నెట్టింది. మూడు నెలలకి బోరింగు నీళ్లు నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించి ఉమ్మేసి, నవ్వుతూ నా దగ్గరికి వచ్చింది. "తెలిసిందండీ మేష్టారూ! ఇప్పుడు తెలిసింది!" ఆ సంతోషం నేను మర్చిపోలేను. పరీక్ష పాసైన పిల్లల మొహాలు ఎన్నో చూశాను గానీ అలాంటిది చూడలేదు.

అక్కడి నుంచి పదకొండేళ్లు ఆ మొక్కల్ని ఎలా నిలబెట్టిందో చెబితే ఎవరూ నమ్మరు. తొట్లకి తనే సిమెంటు పూసుకుంది. కాలవలు కట్టేసే వేసవి నెలల్లో ఏ బావి నీళ్లు ఎలా ఉన్నాయో ఊరంతా తిరిగి రుచి చూసేది. ట్యాంకరు వాడు నీళ్లు తెస్తే ముందు దోసిలి పట్టేది. బాగోకపోతే పైపు విప్పనిచ్చేది కాదు. "ఈవిడ నోరు కాదు, మీటరు" అని ఆ ట్యాంకరు వెంకటస్వామి గొణిగేవాడు. వాండాకి పక్కన పిలకలు వస్తాయి, అవి వేళ్లు దిగాక వేరు చెయ్యాలి. ఏడాదికో రెండేళ్లకో ఒకటి. అలా మూడు హంసలదీవులు పదకొండయ్యాయి. కానీ ఆ ఉప్పు దెబ్బకి ఒక్కటీ మళ్లీ పూయలేదు.

రెండువేల రెండులో జగన్మోహనరావు బందరు వచ్చాడు. చేపల చెరువులు వదిలేసి పూల వ్యాపారం పెడతానన్నాడు. అప్పటికి థాయిలాండ్ నుంచి డెండ్రోబియం ఆర్కిడ్లు దిగుమతవుతున్నాయి. హైదరాబాదు హోటళ్లలో ఎక్కడ చూసినా అవే ఊదారంగు రెమ్మలు. పదివేల మొక్కలు తెప్పించాడు. ఇనప గొట్టాలతో పెద్ద షెడ్డు వేయించాడు. బోరింగు నీళ్లలో ఉప్పు తీసేసే ఫిల్టరు యంత్రం బిగించాడు. మనిషి చెడ్డవాడు కాదు. పని తెలుసు, తొందర ఎక్కువ. నన్ను పిలిచి సలహా అడిగాడు.

"పూయని పాత సరుకు ఎందుకండీ, చోటు దండగ. తీసెయ్యండి" అన్నాను నేను. అవును, నేనే అన్నాను. అంతకు ముందేడు ఆవిడ పెట్టిన మజ్జిగ తాగి వచ్చిన నోటితోనే అన్నాను. పదివేల మొక్కల షెడ్డు చూసేసరికి కళ్లు చెదిరాయి.

సత్యవతమ్మ ఆ ఫిల్టరు నీళ్లు నాలుక మీద వేసుకుంది.

"బాబుగారండీ, ఇందులో ఉప్పుంది."

జగన్మోహనరావు నవ్వాడు. "ఫిల్టరు నీళ్లమ్మా అవి. యంత్రం మీద పచ్చలైటు వెలుగుతోంది చూడు."

"లైటు సంగతి నాకు తెలవదండీ. ఉప్పుంది."

అతను నా వైపు చూశాడు. నా లాబ్‌లో అప్పటికీ సిల్వర్ నైట్రేటు ఉంది. రెండు చుక్కల పని. "యంత్రం కదా, సరిగ్గానే ఉంటుంది" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

"రేపటి నుంచి అన్నిటికీ ఈ పైపు నీళ్లే. నీ పాతవాటిక్కూడా" అన్నాడతను.

"నా చేత్తో పొయ్యను. ఒకసారి పోశా. చాలు."

"అయితే పని మానెయ్."

"పని మానేస్తా. మొక్కల్ని వదలను."

అతనికి కోపం నషాళానికి అంటింది. "సోమవారంలోగా నీ పాత బుట్టలన్నీ ఎత్తుకుపో. నాకక్కర్లేదు. మిగిలితే పెంట మీద వేయిస్తా" అన్నాడు. ఈ మాట నా ఎదురుగా అన్నాడు. గుర్తుపెట్టుకోండి.

ఆదివారం నాడే రెండు రిక్షాల్లో నలభై ఒక్క బుట్టలు గిలకలదిండి చేరాయి. నేను వెళ్లాను, సహాయానికి కాదు, మళ్లీ సలహా చెప్పడానికే. "సముద్రపు గాలిలోనే ఉప్పుంటుంది. ఇక్కడ నెల బతకవు" అన్నాను. ఆవిడ నిచ్చెన మీద నిలబడి నీడ కోసం పాత వలలు మడతలు మడతలుగా కడుతోంది. సర్కారు కట్టించిచ్చిన డాబా ఇల్లు అది. సముద్రం తూర్పునుంటే, బుట్టలన్నీ పడమటి గోడకి కట్టింది.

"గాల్లో ఉప్పుంటే కడుగుతానండీ" అంది వెనక్కి తిరక్కుండానే. "మీరు పక్కకి జరగండి, మేకు పడుద్ది."

డాబా మీద పడ్డ వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టింది. రోజూ పొద్దున్నే ఒక్కో ఆకుని తడిగుడ్డతో తుడిచింది, నలభై ఒక్క మొక్కలకీ, ముందూ వెనకా. పల్లెలో ఆడవాళ్లు చేపలు ఆరేస్తూ ఆటపట్టించేవారు. "చంటిపిల్లల్ని కూడా ఇంతలా తుడవరే సత్యవతీ!" వాళ్లే మళ్లీ తమ డ్రమ్ముల్లో వాన నీళ్లు పట్టి తెచ్చిచ్చేవారు. ఆవిడ చుక్క నాలుక మీద వేసుకుని, మూత తుప్పు పట్టిందనో, డ్రమ్ములో చేపలు కడిగారనో తేల్చేది. వాళ్లు పడీపడీ నవ్వేవారు.

దీపావళి నాటికి జగన్మోహనరావు షెడ్డులో ఆకుల కొసలు కాలడం మొదలైంది. నెల తిరిగేసరికి సగం షెడ్డు పసుపు పచ్చ. అతను బెంగళూరు నుంచి ఆర్కిడ్లు చదువుకున్న అమ్మాయిని పిలిపించాడు. పేరు వందన, సొంతూరు గుడివాడే. ఆ అమ్మాయి వచ్చి, బ్యాగులోంచి నీళ్లలో ఉప్పు కొలిచే పెన్నంత మీటరు తీసి నీళ్లలో ముంచింది. "ఈ ఫిల్టరు మొదటి నుంచీ సరిగ్గా పనిచెయ్యలేదండీ. లైటు కరెంటు ఉందని చెబుతుంది గానీ నీళ్లు బాగున్నాయని చెప్పదు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. జగన్మోహనరావు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"ఇదివరకు ఇక్కడ ఎవరూ గమనించలేదా?" అని అడిగింది వందన.

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. నా సలహాతో సహా.

ముగ్గురం అతని కారులో గిలకలదిండి వెళ్లాం. వందన వలల నీడలో నడుస్తూ ఒక్కో బుట్ట దగ్గరా ఆగింది. సత్యవతమ్మ తల్లీ తండ్రీ పేర్లు చెబుతుంటే రాసుకుంది. హంసలదీవి దగ్గరికి రాగానే ఆ అమ్మాయి రాయడం ఆపేసింది. "ఇలాంటి కలయిక నేను ఇప్పటిదాకా వినలేదండీ. ఇది పోతే మళ్లీ రాదు" అంది.

జగన్మోహనరావు గొంతు సవరించుకున్నాడు. "మా బాబాయి మొక్కలే కదా ఇవి. కోపంలో ఏదో అన్నాను. తిరిగి తీసుకెళ్లి బాగా చూసుకుంటాం. మా ఆవిడ విజయకుమారి పేరు పెట్టి ప్రదర్శనకి పెడదాం."

సత్యవతమ్మ లోపలికి వెళ్లి అయిదు గాజుగ్లాసుల్లో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది.

"బాబుగారండీ, వీటిలో ఏది మొక్కకి పొయ్యచ్చో, ఏది పొయ్యకూడదో చెప్పండి. చెబితే మొక్కలు కారెక్కించుకోండి. నేను అడ్డం రాను."

అతను ఒక్కో గ్లాసూ రుచి చూశాడు. మళ్లీ చూశాడు. "అన్నీ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు. నేనూ చూశాను. ఒకటి తప్ప మిగతావి నాకూ తేడా తెలియలేదు. ఆవిడ వేలు ముంచి నాలుకకి రాసుకుంటూ అయిదింటినీ వరసలో పేర్చింది. "ఇది వాన. ఇది వెంకటస్వామి ట్యాంకరుది. ఇది పక్కింటోళ్ల డ్రమ్ము. ఇది మా వీధి కొళాయి. ఇది మీ ఫిల్టరుదండీ, వచ్చేటప్పుడు సీసాలో పట్టుకొచ్చా, దాచి ఉంచా." వందన మీటరు ముంచుకుంటూ పోయింది. అంకె ఒక్కో గ్లాసుకీ పెరిగింది. వరస తప్పలేదు.

"మొక్కలు ఇక్కడే ఉంటాయండీ" అంది సత్యవతమ్మ. "పేరు కూడా అదే ఉంటది. పెద్దాయన నీళ్లు చూసి పెట్టిన పేరది. అమ్మగారికి ఇంకో మొక్క చూసుకోండి, చల్లగా ఉండాలి ఆవిడ."

అతని మొహం ఎర్రబడింది. "ఇవి చట్టప్రకారం నావి. కేసు వేస్తాను."

"ఏసుకోండి. బందర్లో కోర్టులకేం తక్కువ? మీరు ఎత్తుకుపొమ్మన్నప్పుడు మేష్టారు అక్కడే ఉన్నారు."

అందరూ నా వైపు చూశారు. నాకు జగన్మోహనరావుతో స్నేహం ఉంది, వాళ్ల ఇంట్లో భోజనాలు చేశాను. కానీ ఆ యంత్రం ముందు నోరు జారిన రోజు నుంచీ నా నోరు నాకే చేదుగా ఉంది.

"పెంట మీద వేయిస్తానన్నాడు. నేను విన్నాను. ఏ కోర్టులోనైనా చెబుతాను" అన్నాను.

అతను కేసు వెయ్యలేదు. ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. అదీ మంచికే అయింది, నాకు తీరిక దొరికింది.

రెండువేల నాలుగు మార్చిలో హంసలదీవి పూసింది. పద్నాలుగేళ్ల తర్వాత మొదటి రెమ్మ, ఏడు పువ్వులు. కబురందగానే ఆటో ఎక్కి వెళ్లాను. పల్లెంతా అక్కడే ఉంది. ఆడవాళ్లు గంపలు దించి చూస్తున్నారు. ఒక ముసలాయన దగ్గరికి వంగి చూసి, "నది కలిసే చోటు రంగు కదే ఇది" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే అన్నాడు. సత్యవతమ్మ అప్పుడు ఏడ్చింది. ఉప్పెన సంగతి చెప్పినప్పుడు ఏడవని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వందన వచ్చి ఫొటోలు తీసుకుంది. సంకరాల పేర్లు ఎక్కించే పెద్ద పుస్తకానికి కాగితాలు పంపింది. మొక్క పేరు హంసలదీవి. కట్టినవారు శోభనాద్రి. నిలబెట్టినవారి పేరు రాయడానికి ఆ కాగితాల్లో గడి లేదట. పిచ్చి కాగితాలు.

ఆ మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద కూర్చుని చప్పిడి పప్పన్నం కలుపుకుంటోంది. నాకు ఉండబట్టలేదు.

"పూసింది కదమ్మా. ఇక ఉప్పు వేసుకో. చేసిన తప్పు ఎప్పుడో తీరిపోయింది."

ముద్ద చేత్తో పట్టుకునే నా వైపు వింతగా చూసింది.

"తప్పు తీర్చుకోడానికి మానేశానా ఏంటండీ? నేను ఉప్పు తింటే రేపు పొద్దున నీళ్లెవరు చూస్తారు? నాకు అరవై దాటాయి. నా తర్వాత ఎవరు చూస్తారు?"

మీటరు ఉంది కదా అనబోయాను. పచ్చలైటు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి నా కంచంలోకి ఉప్పు వెయ్యొద్దని మా ఆవిడతో చెప్పాను. ఏ డాక్టరు చెప్పాడని కంగారుపడింది. మూడో రోజుకి నాకు ఏడుపొచ్చింది. పదో రోజున దొంగతనంగా ఆవకాయ తిన్నాను, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ప్రతి ఆదివారం గిలకలదిండి వెళ్తాను. ఆవిడ అరుగు మీద అయిదు గ్లాసులు పెట్టి, ఎదురుగా కూర్చుంటుంది. కిందటి వారం నాలుగు సరిగ్గా చెప్పాను.

"ఇంకో ఏడాది పడుద్దండీ మేష్టారూ" అంది గ్లాసులు కడుగుతూ. "వచ్చే వారం త్వరగా రండి."